గన్నవరం విమానాశ్రయం - హజ్ యాత్రికుని ఛార్జీ
(ప్రసంగ పాఠం)

 

విజయవాడ నుండి ఏలూరు వెళ్లే జాతీయ రహదారి పక్కనే గన్నవరం విమానాశ్రయం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక స్థావరంగా ఉపయోగపడి, తరువాత పౌర విమానాలకు మారిన స్థలమది. 2003లో ఎయిర్ డెక్కన్ సంస్థ హైదరాబాద్‌కు రోజువారీ సర్వీసు ప్రారంభించేనాటికి కూడా అక్కడ సందడి అంతంతమాత్రమే. రాష్ట్ర విభజన తరువాతనే దాని దశ తిరిగింది. 2017 జనవరిలో కొత్త దేశీయ టెర్మినల్ తెరుచుకున్నది. అదే సంవత్సరం అంతర్జాతీయ హోదా లభించింది.

అయితే హోదా వచ్చినంత మాత్రాన విమానం రాదు. మొదటి అంతర్జాతీయ సర్వీసు 2018 డిసెంబర్ 4న సింగపూర్‌కు బయలుదేరింది. టికెట్లు అమ్ముడుపోక వచ్చే నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వమే భరిస్తానన్న ఒప్పందంపై అది నడిచింది. ఆ నిధి ఆగగానే 2019 మధ్యలో సర్వీసూ ఆగిపోయింది. గల్ఫ్‌లో పనిచేసే మన బిడ్డలు మాత్రం షార్జా విమానం కోసం 2022 అక్టోబర్ 31 వరకు ఎదురుచూడవలసి వచ్చింది. సింగపూర్‌కు ముందు దారి తెరిచి, గల్ఫ్‌కు తరువాత తెరవడం ఎవరి అవసరాలను చూసి చేసిన పనో మాకు నేటికీ బోధపడలేదు.

2023లో గన్నవరం నుండి తొలిసారిగా హజ్ విమానాలు బయలుదేరాయి. అంతవరకు కోస్తా జిల్లాల యాత్రికులు హైదరాబాద్ వెళ్లేవారు. వృద్ధులైన తల్లిదండ్రులను సామానుతో సహా రాత్రంతా రైలులోనో బస్సులోనో తీసుకువెళ్లి, పరాయి ఊరిలో సాగనంపి వచ్చిన కుటుంబాలకు ఈ మార్పు విలువ మేము చెప్పనక్కరలేదు. ఇంటి దగ్గర గుస్ల్ చేసి, ఊరి మసీదులో నమాజు చేసి, బంధువుల దుఆల నడుమ బయలుదేరగలగడం చిన్న సంగతి కాదు.

కానీ ఆ సంవత్సరమే మరొక సంగతి కూడా తెలిసివచ్చింది. హైదరాబాద్ నుండి వెళ్లే యాత్రికుని కంటే విజయవాడ నుండి వెళ్లే యాత్రికునిపై సుమారు 80 వేల రూపాయలు అదనంగా పడింది. రాష్ట్ర ప్రభుత్వం 1,813 మందికి గాను 14 కోట్ల 51 లక్షలు మంజూరు చేసి ఆ భారాన్ని తాను మోసింది. అందుకు కృతజ్ఞతలు. కానీ ఒక ఏటి మంజూరు మరుసటి ఏటికి హామీ కాదు కదా! కేంద్రం హజ్ సబ్సిడీని 2018లోనే పూర్తిగా ఎత్తివేసినందున, ప్రభుత్వం చేయి వెనక్కు తీసుకుంటే ప్రతి రూపాయీ యాత్రికుని జేబు నుండే పోవాలి.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. కేరళలోని కరిపూర్ విమానాశ్రయాన్ని చూడండి. 1988లో ప్రారంభమైన ఆ విమానాశ్రయానికి గల్ఫ్‌లో శ్రమించే మలబారు ప్రజలే ఆధారం. రన్‌వే పనుల వలన 2015లో అక్కడి హజ్ విమానాలు కొచ్చికి తరలిపోయి, 2019లో గానీ తిరిగి రాలేదు. 2024లో కొచ్చి నుండి ఛార్జీ సుమారు 86 వేలుండగా, కరిపూర్‌కు మొదట అడిగినది సుమారు లక్షా 65 వేలు! అక్కడివారు గట్టిగా నిలదీశారు. ఛార్జీ కొంత తగ్గింది గాని కొచ్చితో సమానం కాలేదు. కొండపై కట్టిన ఆ రన్‌వే మీద పెద్ద విమానాలకు అనుమతి లేకపోవడం అక్కడ ప్రధాన కారణం.

గన్నవరానికి ఆ ఇబ్బంది లేదు. పూర్వం 2,286 మీటర్లున్న రన్‌వే నేడు 3,360 మీటర్లు. దాని కోసం చుట్టుపక్కల రైతులు సుమారు 700 ఎకరాలు వదులుకున్నారు. 2019 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగిన కొత్త టెర్మినల్ విస్తీర్ణం 35 వేల చదరపు మీటర్లు. రద్దీ వేళ గంటకు 1,200 మంది ప్రయాణికుల కోసం దానిని తలపెట్టారు. పెద్ద విమానం దిగగల రన్‌వే ఉన్నది. లేనిది దానిని నింపేటంత మంది యాత్రికులు. ఛార్జీ ఎక్కువని యాత్రికులు హైదరాబాద్‌ను ఎంచుకుంటారు. యాత్రికులు తక్కువని విమాన సంస్థ ఛార్జీ పెంచుతుంది. అనంతపురం వారికి బెంగళూరే దగ్గర, వారిని గన్నవరం రమ్మని మేము కోరము. గుంటూరు, కృష్ణా, గోదావరి, ప్రకాశం జిల్లాల వారు నిలిచినా చాలు.

అసలు చిక్కు దరఖాస్తులోనే ఉన్నది. ఏ విమానాశ్రయం నుండి వెళ్తారో నెలల ముందే వ్రాయాలి. ఛార్జీ ఎంతో టెండర్ల తరువాత గానీ తెలియదు. ధర తెలియకుండా బేరం కుదుర్చుకోమన్నట్లున్నది ఈ పద్ధతి!

కాబట్టి మేము రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరేది ఇదే: హైదరాబాద్ ఛార్జీకి మించినది ఎంతైనా తాము భరిస్తామని దరఖాస్తుల గడువు ముగియక ముందే వ్రాతపూర్వకంగా ప్రకటించాలి. కొత్త టెర్మినల్‌లో వుజూకు, నమాజుకు, ఇహ్రామ్ ధరించడానికి, స్త్రీలకు ప్రత్యేకంగా, తగిన చోటు చూపాలి. ఈ వినతిపత్రం ప్రతులు ద్వారం దగ్గర బల్లపై ఉన్నాయి. వచ్చే ఏడు హజ్‌కు సంకల్పించిన ప్రతి కుటుంబమూ తమ జిల్లా పేరు వ్రాసి సంతకం చేసి వెళ్లవలసిందిగా ప్రార్థిస్తున్నాము.