మా ఆన్‌లైన్ కొట్టు లెక్క

మాది కారేపల్లి. స్త్రీనిధి అప్పు తీసుకొని ఇప్పపువ్వు లడ్డూలు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టినం. తినే సరుకు కాబట్టి ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించినం, ఏడాదికి 100 రూపాయలు. జీఎస్టీ లేనిదే అమ్మనియ్యరని భయపడ్డం. 2023 అక్టోబరు 1 నుంచి మనలాంటి చిన్న అమ్మకందారులు రాష్ట్రం లోపల అమ్ముకోవడానికి ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉంటే చాలు.

దెబ్బ తిన్నది ధర దగ్గర. అరకిలో డబ్బాకు సంతలో ధరే, 200 పెట్టినం. కమీషన్, కొరియర్ లెక్క వేసుకోలే. కొరియర్‌కు బరువే కాదు, పెట్టె సైజు కూడా కొలుస్తరు. మేమేమో లడ్డూలు నలగొద్దని పెద్ద పెట్టెలు తెచ్చినం! ఆర్డర్లు వస్తుంటే ఒకటే సంబరం. నెలాఖరుకు పుస్తకం రాస్తే డబ్బాకు 22 రూపాయలు మాకే ఎదురు పడ్డయి. "కిస్తీ ఎవరు కడతరు?" అని ఒకక్క అడిగింది. ఎవరం మాట్లాడలే. ఆ కిస్తీ పొదుపులో నుంచి కట్టినం.

ఇప్పుడు చిన్న పెట్టెలు వాడుతున్నం. ప్యాక్ చేసినంక తూచి, కొలిచి, అప్పుడు ధర పెడుతున్నం. కిలోకు తక్కువ ఆర్డరు తీసుకోవట్లేదు. పోయిన నెల కిస్తీ అమ్మకం డబ్బులతోనే కట్టినం. పొదుపులో తీసింది మాత్రం ఇంకా తిరిగి వెయ్యాలె. కొట్టు పెట్టాలనుకున్న సంఘాలు వచ్చి మా పుస్తకం చూడొచ్చు, నష్టం రాసిన పేజీ కూడా అందులోనే ఉంది.