మూడో హెచ్చరిక దాకా ఆగితే మిగిలేది ఎవరు?

(వానాకాలం ముందు ముంపు మండలాల ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు నుంచి వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు జోహార్లు. రాలేక ఫోన్లో ఇది చదువుతున్న మిత్రులకు కూడా జోహార్లు.

ఇంకో నెలన్నర పోతే టీవీలో కింద మళ్లీ అవే అక్షరాలు పరిగెడతాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులు, రెండో హెచ్చరిక. 53 అడుగులు, మూడో హెచ్చరిక. మనకి ఎక్కాల కన్నా ముందు వచ్చిన అంకెలివి. ఇవాళ నేను అడిగేది ఒక్కటే. ఈ అంకె విన్న వెంటనే మన ఊళ్లో ఎవరు కదలగలుగుతారు? ఎవరు కదల్లేరు? కదల్లేనివాళ్ల కోసం ఎవరు, ఏ రోజు, ఏం చెయ్యాలి?

హెచ్చరిక లేదని మనం అనడం లేదు. గోదారి మీద పైనుంచి కింద దాకా కేంద్ర జలసంఘం కొలతలు తీస్తూనే ఉంటుంది. పైన పేరూరులో నీళ్లు పెరిగితే, అది మన దగ్గరకు రాకముందే లెక్క తెలుస్తుంది. తుపాను కూడా రోజుల ముందే తెలుస్తోంది. సమస్య ఎక్కడుందంటే, తెలిసిన క్షణానికీ పడవ వచ్చే క్షణానికీ మధ్య ఉన్న ఆ సమయంలో. ఆ సమయంలో బైకు ఉన్నవాడు పోతాడు. భద్రాచలంలో చుట్టాలున్నవాళ్లు పోతారు. మిగిలేది మంచం పట్టిన తాత, నెలలు నిండిన అక్క, కొండ మీద గూడెం, కార్డు లేని కుటుంబం. వరద అందరికీ ఒకటే అంటారు. నీళ్లు ఒకటే కావచ్చు, తప్పించుకునే దారి మాత్రం అందరికీ ఒకటి కాదు.

ఇంటికన్నా ముందు దారి మునుగుతుంది

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకు వచ్చింది. 1990 ఆగస్టులో 70.8. మన పెద్దోళ్లకి పెద్ద నీళ్లంటే ఆగస్టే. 2022లో జూలై 16నే 71.3 అడుగులు వచ్చేసింది. అంటే ఆగస్టు కదా, ఇంకా టైముంది అనే లెక్క ఇక పనికిరాదు. సిద్ధపడేది జూన్‌లోనే.

ఇంకో సంగతి. ఆ అంకెలు భద్రాచలం బ్రిడ్జి దగ్గరివి. మన ఊళ్లు చాలావరకు శబరి పక్కన, వాగుల పక్కన ఉన్నాయి. శబరి కూనవరం దగ్గర గోదారిలో కలుస్తుంది. గోదారి నిండుగా ఉంటే శబరి నీళ్లకు పోయే దారి లేక వెనక్కి ఎగదన్నుతాయి. శబరి ఎగదన్నితే వాగులు ఎగదన్నుతాయి. వాగు ఎగదన్నితే ముందు మునిగేది కల్వర్టు, తర్వాత రోడ్డు, ఆఖరికి ఇల్లు. ఇల్లు మునిగే రోజుకి ఊరు అప్పటికే దీవి. కాబట్టి మన గడువు ఇల్లు మునిగే అడుగు కాదు, దారి మునిగే అడుగు. ఆ అడుగు ఎంతో ఏ ఆఫీసు కాగితంలోనూ వెతకక్కర్లేదు, మన ఊరి పెద్దోళ్లని అడిగితే చెబుతారు.

వాగుల సంగతి ఇంకా ఘోరం. గోదారికైనా కొలబద్ద ఉంది, వాగుకి అదీ లేదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయి ఊరిని ముంచేసింది, మనుషులు కొట్టుకుపోయారు. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలంలో పెదవాగు కట్ట తెగింది. కట్ట తెలంగాణలో, కింద మునిగిన ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో, మన వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో. 2014లో మన మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్నం మాత్రం అటే ఉండిపోయింది. గీత మనుషులకే గాని నీళ్లకు లేదు కదా. పైనున్న జిల్లావాళ్లు గేటు ఎత్తే ముందు, కట్ట బలహీనపడ్డ క్షణాన, కింద జిల్లాతో పాటు కింద ఊరి సర్పంచికి, కింద ఊరి యువతకి నేరుగా ఫోను రావాలి. ఇది మన మొదటి డిమాండు.

ఎవర్ని లెక్కలోకి తీసుకోవాలి

మొదట గర్భిణులు. 2024 అక్టోబరులో దానా తుపాను తీరం తాకకముందే ఒడిశా ప్రభుత్వం నాలుగు వేల మందికి పైగా గర్భిణులను ఆస్పత్రులకు, ఆరోగ్య కేంద్రాలకు చేర్చింది. అదే ఒడిశాలో 1999 తుపానుకు సుమారు పది వేల మంది చనిపోయారు. ఆ దెబ్బ తర్వాత వాళ్లు తుపాను షెల్టర్లు కట్టారు, ఊరి వాలంటీర్లకు శిక్షణ ఇచ్చారు. 2013లో ఫైలిన్ వస్తే దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, చావులు పదుల్లోకి తగ్గాయి. పక్క రాష్ట్రమే, మన అడవికి ఆనుకుని ఉన్న రాష్ట్రమే. అక్కడ అయిన పని ఇక్కడ ఎందుకు కాదు? ఏ అక్కకి ఏ నెలో ఆశా అక్క రిజిస్టర్లో ఇప్పటికే రాసి ఉంది. జూలై, ఆగస్టు, సెప్టెంబరులో కాన్పు ఉన్నవాళ్ల పేర్లు విడిగా రాసుకుని, వాన ముదరకముందే ఆస్పత్రి దగ్గరకి చేర్చాలి. తోడు వచ్చేవాళ్లకి తిండి, చోటు ఉండాలి. అవి లేకపోతే ఏ అక్కా రాదు.

రెండు, వికలాంగులు, ముసలోళ్లు, మంచం పట్టినవాళ్లు. ఇక్కడ మనం జాలి అడగడం లేదు, చట్టం అడుగుతున్నాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ చూడండి. జిల్లాలో ఉన్న వికలాంగుల వివరాలు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర ఉండాలి, ప్రమాదం గురించి వాళ్లకి తెలిసేలా చేసే బాధ్యత కూడా ఆ సంస్థదే అని ఉంది. మీ మండలంలో ఆ జాబితా ఉందా? అడగండి. లేదంటే మనమే రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

మూడు, కొండరెడ్లు. పాపికొండల పొడుగునా వాళ్ల గూడేలు నాలుగిళ్లు ఇక్కడ, ఆరిళ్లు అక్కడ అన్నట్టు ఉంటాయి. ఇళ్లు మునగకపోవచ్చు, కానీ కింద దారి తెగితే సంత లేదు, డిపో బియ్యం లేదు, మందు లేదు. ముంపు జాబితాలో ఊరి పేరు లేదు కాబట్టి సాయం జాబితాలోనూ ఉండదు. దారి తెగే గూడేలకు జీసీసీ డిపో నుంచి వానాకాలానికి సరిపడా బియ్యం, పప్పు, నూనె ముందే పైకి చేరాలి. మలేరియా మందులు, పాము కాటు మందు దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రంలో ముందే ఉండాలి.

నాలుగు, గుత్తికోయలు. ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకు ఇల్లు వదిలి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నవాళ్లు. చాలామందికి రేషన్ కార్డు లేదు, కుల పత్రం లేదు. జాబితా కార్డుల్ని బట్టి రాస్తే వాళ్లు మనుషులుగానే లెక్కకు రారు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ ప్రకారం సాయంలో కులం, సముదాయం, పుట్టుక, మతం, ఆడామగా అనే తేడా చూపకూడదు. నీళ్లు కార్డు అడగవు. మన జాబితా కూడా అడగకూడదు. ఇది మనలో మనకి కూడా చెప్పుకోవాల్సిన మాట. మన ఊరి జాబితా రాసేటప్పుడు వాళ్లు మనోళ్లు కాదు అని ఏ పెద్దమనిషి అన్నా యువత ఒప్పుకోకూడదు.

వాళ్లు ఎందుకు కదలరు

అధికారులు తరచూ ఒక మాట అంటారు. చెప్పినా వినరు, మొండోళ్లు అని. మా పక్క ఊళ్లో ఒక అవ్వని పడవ ఎక్కమంటే, "నేనెక్కుతా సరే, మేకల్ని ఎవడెక్కిస్తాడ్రా?" అంది. మొండితనం ఎక్కడుంది ఇందులో? ఆ మేకలే ఆమె బ్యాంకు. వాటిని వదిలి ప్రాణం దక్కించుకుంటే తర్వాత ఏడాది ఏం తినాలి? కాబట్టి మనుషుల్ని కదిలించాలంటే పశువులకి మిట్ట చూపించాలి, గడ్డి ముందే చేర్చాలి. విత్తనాలు, గింజలు పెట్టుకునే చోటు ఉండాలి. పోడు పట్టా, ఆధార్, పునరావాసం కాగితాలు నీళ్లు పోని కవర్లో ఉండాలి. ముంపు ఊళ్లలో ఈ ఆఖరిది చాలా ముఖ్యం. పోలవరం పరిహారం ఇంకా అందని ఇంట్లో కాగితం తడిస్తే హక్కే తడిసినట్టు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. వరద పోయాక రెండు వేలో మూడు వేలో చేతిలో పెట్టడం మనకి అలవాటైపోయింది. 2020 జూలైలో బంగ్లాదేశ్‌లో జమునా నది వరద ముదరకముందే, అంచనా చూసి పేద కుటుంబాలకు 4,500 టాకాలు ముందే ఇచ్చారు. ఆ డబ్బుతో జనం తిండి కొనుక్కున్నారు, పశువుల్ని దాటించుకున్నారు. ముందు ఇచ్చిన రూపాయి ట్రాక్టర్ బాడుగ అవుతుంది. తర్వాత ఇచ్చిన రూపాయి అప్పు వడ్డీలోకి పోతుంది. మన దేశంలో దారి లేదా అంటే ఉంది. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు సిఫారసు చేసిన విపత్తు నిధుల్లో 10 శాతం సన్నద్ధతకు, సామర్థ్యం పెంచడానికి, ఇంకో 20 శాతం నష్టం తగ్గించే పనులకు అని విడిగా చెప్పింది. ఆ డబ్బులో మన మండలాలకు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

మన ఊళ్లో మనం చేసే పని

మిత్రులారా, డిమాండ్లు పెడదాం. అవి నెరవేరేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. ఇక్కడి నుంచి పోయాక పదిహేను రోజుల్లో ప్రతి ఊళ్లో ఈ ఆరు పనులు అవ్వాలి.

1. ఊరి అంకె తేల్చాలి. పోయిన వరదల్లో మన కల్వర్టు మునిగేటప్పటికి భద్రాచలంలో ఎన్ని అడుగులుంది? పెద్దోళ్లని, ఆడోళ్లని, పశువులు కాసేవాళ్లని కూర్చోబెట్టి అడగండి. తేలిన అంకె కన్నా ముందే, అంటే దారి బాగున్నప్పుడే కదిలే అంకె ఒకటి పెట్టుకోండి. దాన్ని బడి గోడ మీద రాయండి. వాగు ఒడ్డున చెట్టుకి రంగుతో గీత పెట్టండి.

2. ఇంటింటి జాబితా. నెలలు నిండేవాళ్లు, బాలింతలు, నడవలేనివాళ్లు, చూపు లేనివాళ్లు, వినబడనివాళ్లు, ఒంటరి ఆడోళ్లు, రోజూ మందు వేసుకునేవాళ్లు. కార్డు ఉన్నా లేకున్నా రాయాలి.

3. ఒక్కో పేరుకి ఇద్దరు తోడు. అందరూ చూసుకుంటారు అంటే ఎవరూ చూసుకోరని అర్థం. తాతని మోసేది ఎవరో, మంచమా డోలీనా అన్నది కూడా ముందే తేలాలి.

4. కబురు మన భాషలో. ఫోన్లో వచ్చే మెసేజ్ తెలుగులో వస్తుంది. సిగ్నల్ లేని గూడేనికి అది కూడా రాదు. కోయలో చెప్పేవాళ్లు ఉండాలి, డోలు మోగాలి. ఏ మోతకి ఏ అర్థమో పిల్లలతో సహా అందరికీ తెలియాలి. వినబడనివాళ్లకి ఎర్ర జెండా.

5. పోయే చోటు ముందే చూడాలి. మరుగుదొడ్డి, దీపం, తలుపుకి గడియ ఉన్నాయో లేవో మన అక్కలు పోయి చూసి రావాలి. వాళ్లు బాగుంది అంటేనే అది షెల్టరు.

6. ఇదంతా గ్రామసభలో పెట్టి తీర్మానం చెయ్యాలి. 1996 పెసా చట్టం ప్రకారం ఊరి ప్రణాళికకు ఆమోదం ఇచ్చే అధికారం గ్రామసభది. తీర్మానం కాపీ తహశీల్దారుకి, ఐటీడీఏ పీవోకి ఇచ్చి రసీదు తీసుకోవాలి. అప్పుడు పడవ రాకపోతే అడగడానికి మన చేతిలో కాగితం ఉంటుంది.

ఈ ఆరింటిలో డబ్బుతో అయ్యేది తక్కువ, తిరిగితే అయ్యేదే ఎక్కువ. డిగ్రీలు చదివినం, ఉద్యోగం రాలేదని ఇంటి దగ్గర ఉన్నాం. నాలుగు నెలలు ఈ పని మనది అనుకుందాం. చదువురాని అవ్వకి నది ఎప్పుడు ఎక్కడిదాకా వస్తుందో తెలుసు. మనకి ఆ మాట కాగితం మీద పెట్టి ఆఫీసులో వాదించడం తెలుసు. ఈ రెండూ కలవాలి.

చివరిగా ఒక మాట. పడవలో చోటు కోసం కొట్లాడటం మనకి కొత్త కాదు. ఈసారి పడవ అవసరం పడకముందే, ఊళ్లో అందరికన్నా బలహీనమైన మనిషిని అందరికన్నా ముందు మిట్ట ఎక్కిద్దాం. ఆ మనిషి ఎక్కిందంటే ఊరంతా ఎక్కినట్టే. వచ్చే ఆదివారంలోపు మీ ఊరి అంకె ఎంతో తేల్చి మన గ్రూపులో పెట్టండి. ఊరి పేరు, కల్వర్టు పేరు, అంకె. అంతే చాలు, అక్కడి నుంచి మొదలుపెడదాం.

మా ఊళ్లో మా గ్రామసభ! మా ప్రాణాలకి మా ప్రణాళిక!

జై ఆదివాసీ!