తోడు వేసిన కథ



ఇంట్లో తోడు లేకపోతే ఏం చేస్తారు? గిన్నె పట్టుకొని పక్కింటికి పోతారు. చెంచాడు మజ్జిగ తెస్తారు. పాలల్లో వేస్తారు. తెల్లారేసరికి పెరుగు తోడుకుంటుంది. ఆ పెరుగు ఎవరిది? తోడు పక్కింటిదే. కానీ పాలు మీవి. కాచింది మీరు. పెరుగూ మీదే.

కథలూ పాటలూ ఇట్లాగే తయారవుతాయి.

సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి అనే ఊరుంది. కాకతీయుల కాలం నాటి గుళ్లు అక్కడ ఉన్నాయి. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా గల కవి పిల్లలమర్రి పినవీరభద్రుడు. 15వ శతాబ్దం వాడు. ఆయన శకుంతల కథ రాశాడు. ఆ పుస్తకం పేరు 'శృంగార శాకుంతలం'.

ఆ కథ ఆయన పుట్టించింది కాదు. అది సంస్కృత భారతంలోనే ఉంది. అడవిలో పెరిగిన శకుంతలను దుష్యంతుడనే రాజు పెళ్లాడాడు. తన ఊరికి పోయాడు. ఆమె కొడుకును వెంటబెట్టుకొని రాజు సభకు వెళ్లింది. ఆమె ఎవరో తెలియదన్నాడు రాజు. తెలిసే అన్నాడు ఆ మాట. శకుంతల తల వంచలేదు. నిండు సభలో రాజును నిలదీసింది. 11వ శతాబ్దంలో నన్నయ ఈ కథను తెలుగులో చెప్పాడు.

కాళిదాసు ఈ కథనే సంస్కృతంలో నాటకం చేశాడు. ముని శాపం కలిపాడు. ఉంగరం కలిపాడు. శాపం వల్ల రాజు ఆమెను మరిచిపోతాడు. చేప కడుపులో ఉంగరం దొరికాక గుర్తు తెచ్చుకుంటాడు. భారతంలో ఆ శాపం లేదు, ఆ ఉంగరం లేదు. చూశారా? తప్పు రాజు మీద నుంచి శాపం మీదికి పోయింది! కథ చెప్పేవారి చేతిలో అంత బలం ఉంటుంది.

పినవీరభద్రుడు భారతం కథనూ, నాటకం కథనూ తీసుకున్నాడు. రెండూ కలిపి తెలుగు పద్యాల్లో కొత్తగా అల్లాడు.

మరి ఇది దొంగతనం కాదా? కాదు. ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసి తనదని చెప్పుకుంటే దొంగతనం. తీసుకున్న చోటు చెప్పి, తనది కొంత కలిపితే అది రచన.

అప్పటి నల్లగొండ జిల్లా కవి సుద్దాల హనుమంతు కూడా ఇదే చేశాడు. 1940ల్లో, నిజాం కాలంలో, పల్లె జనం పాడుకునే బాణీలు తీసుకున్నాడు. వెట్టిచాకిరి మీద, దొరల దౌర్జన్యం మీద పాటలు కట్టాడు. బాణీ పాతదే. మాట కొత్తది.

మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి నాట్లు పడతాయి. నాట్లేసే ఆడవాళ్లు పాట ఎత్తుకుంటారు. పాట అమ్మ నేర్పింది. ఒకామె అందులో తన ఊరి పేరు చేరుస్తుంది. ఇంకొకామె తన కష్టం చేరుస్తుంది. వాళ్లూ కవులే. కానీ వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఎందుకని? ఆ పాటల్లో చాలావాటిని ఎవరూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు మీకు అక్షరం వచ్చింది. అమ్మ పాట నోటుబుక్కులో రాయండి. దాని కింద అమ్మ పేరు రాయండి. తర్వాత మీ మాట ఒకటి కలపండి. దాని కింద మీ పేరు రాయండి.