అప్పు దగ్గర దొరికిన తప్పు



జపాన్ బిజికామ్ వారి కాలిక్యులేటర్ కోసం అమెరికాలో ఇంటెల్ కంపెనీ చేసిన 4004 ప్రాసెసర్ 1971లో మార్కెట్లోకి వచ్చింది. అందులో 2,300 ట్రాన్సిస్టర్లు. ఇప్పుడది తయారు కావడం లేదు. మా మనవడు దాన్ని ఎఫ్‌పీజీఏ అనే చిప్‌లో మళ్ళీ చేయబూనాడు. ఆ చిప్ మన ఖాళీ రిజిస్టరు లాంటిది; ఏ సర్క్యూట్ రాసి ఎక్కిస్తే అదే అవుతుంది.

కూడికలు సరిపోయాయి. తీసివేతలు తప్పాయి. వాడు విసిగి వదిలేయబోయాడు. ముప్ఫై ఏళ్ళు జీతాల బిల్లులు సరిచూసినవాణ్ణి, ఊరుకుంటానా? కాగితం మీద ఒక్కో అంకె చేసి చూశాను. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చినప్పుడే తేడా! 4004 తీసివేతలో అప్పు తెస్తే గుర్తు 0, తేకపోతే 1. వాడు తిరగేసి రాశాడు. (అప్పు చేస్తే మిగిలేది సున్నాయేనని మనకు తెలియనిదా!) దిద్దాక 1000లోంచి 1 తీస్తే 999 వచ్చింది.

గుణకారాలు మిగిలాయి. ఆదివారం ఇద్దరం కూర్చుంటున్నాం.