ఎర్రమట్టి దిబ్బలు

ఇసుక తిన్నెలు అనగానే మనకు రాజస్థానపు ఎడారి తలపునకు వచ్చును. జైసల్మేరు ప్రాంతమున 1980లో ఏర్పడిన మరుభూమి జాతీయోద్యానము మూడువేల చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించి యున్నది. అచ్చటి తిన్నెలు గాలివాలును బట్టి చోటు మారుచుండును. అంత దూరము పోలేని కుటుంబములకు గాలి పోసిన ఇసుక గుట్టలను చూచు అవకాశము మన తెలుగు తీరముననే కలదు. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ సముద్రపుటొడ్డున ఉన్న ఎర్రమట్టి దిబ్బలే అవి.

గడచిన శీతకాలమున పిల్లలతోను, పెద్దలతోను కలిసి మేము అచ్చటికి వెళ్ళితిమి. వరంగల్లులో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినచో తెల్లవారుసరికి విశాఖ చేరవచ్చును. అక్కడి నుండి భీమిలి రోడ్డు వెంట సుమారు ఇరువది కిలోమీటర్లు. దూరమునకు జీడితోటల నడుమ చదునైన నేలవలెనే కనబడును. నాలుగడుగులు వేయగానే కాళ్ళ ముందు నేల చీలి, ఇటుక రంగు గోడలతో లోతైన గండ్లు బయటపడును.

“ఇవి ఎవరు తవ్వినారు?” అని పిల్లలు అడిగిరి. తవ్వినది వాన. పోసినది మాత్రము గాలి, ఏరులు, సముద్రము అని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సుమారు ఇరువదివేల సంవత్సరముల క్రిందట, కడపటి మంచుయుగమున, లోకములోని నీరు విశేషముగా మంచుగా గడ్డకట్టుటచే సముద్రమట్టము నేటికంటె నూరు మీటర్లకు పైగా దిగిపోయినది. సముద్రము వెనుకకు తగ్గినచోట ఇసుక బయటపడగా, గాలి దానిని లోపలికి మోసి పోగులుగా పోసినది. తరువాతి కాలమున, ఆ ఇసుకలోని ఇనుము గల ఖనిజములు తేమకును గాలికిని తుప్పుపట్టి రేణువు రేణువునకు ఎర్రని పూత వేసినవి. పేరునకు మట్టి దిబ్బలే గాని, పిడికెడు తీసి నలిపినచో చేతిలో మిగులునది ఇసుకయే.

భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1886లో వీనిని గూర్చి వ్రాసెను. దక్షిణాసియాలో ఇట్టి ఎర్ర ఇసుక దిబ్బలు ఇచ్చటగాక తమిళనాడు, శ్రీలంక తీరములందు మాత్రమే కలవు. 2014లో ఇది జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరినది.

మా చిన్నవాడు నీళ్ళ సీసాను ఖాళీచేసి అందులో ఎర్ర ఇసుక నింపబోయెను. మా తల్లిగారు వాని చేయి పట్టుకొని, “వద్దు బిడ్డా! రామప్ప గుడికి పోతే రాయి పెరుక్కొని తెస్తమా?” అనిరి. వాడు సీసా క్రింద పెట్టెను. ఆ మాట మాకును ఆలోచన గొలిపినది.

వరంగల్లు వారికి ఇసుక విలువ తెలియనిది కాదు. కాకతీయుల శిల్పులు రామప్ప గుడికిని, వేయిస్తంభాల గుడికిని పునాదులలో ఇసుక నింపి, దానిపై అంతటి రాతి బరువును నిలిపిరి. వేయిస్తంభాల గుడి కల్యాణమండపము శిథిలము కాగా, రాళ్ళను విడదీసి, పునాదిని సరిచేసి, తిరిగి నిలువబెట్టిరి. 2024లో అది మరల తెరువబడినది. మనుష్యుడు కట్టినదానిని మనుష్యుడు, ఓపిక యున్నచో, మరల కట్టగలడు. ఈ దిబ్బల సంగతి అట్టిది కాదు. జారుచు ఆడుకొనువారి మడమ తగిలి రాలిన గోడను ఏ శిల్పియు అతుకలేడు. ఇసుకకై తవ్వి తీసికొనిపోయిన దిబ్బను తిరిగి పోయుటకు ఇంకొక మంచుయుగము రావలెను.

కావున వెళ్ళదలచినవారు ఉదయపు చల్లదనమున వెళ్ళుడు. త్రాగునీరు వెంట ఉంచుకొనుడు. గండ్ల అడుగున ఉన్న బాటలో నడువుడు. గోడల మీదికి ఎక్కకుడు. పిల్లలను ఇసుక ముట్టనిండు, నలిపి చూడనిండు. ఇంటికి బయలుదేరునప్పుడు వారి జేబులను మాత్రము అచ్చటనే దులిపించుడు.