కంప్యూటరు యుగములో వ్యక్తి స్వేచ్ఛ – సంఘ బాధ్యత

(అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సందర్భమున శృంగవరపుకోటలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పండుగ సందర్భముగా మన పాత రిజిష్టర్లు బయటికి తీసి బల్ల మీద పెట్టారు. బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము, సమాధుల పుస్తకము. అంచులు పురుగు కొట్టినా సిరా ఇంకా చెక్కుచెదరలేదు. నిన్న సాయంత్రము ఎందరో తమ తాతల పేర్లు వెదుక్కొని సంతోషించారు. నేనూ వెదుక్కొన్నాను. ఇన్నేండ్లు ఆ పుస్తకములు బీరువాలో ఉండేవి. తాళపుచెవి అయ్యగారి దగ్గర ఉండేది. చూడదలచినవారు వచ్చి అడగాలి, ఎందుకో చెప్పాలి. ఈనాడు మన పేర్లు ఎక్కిన పుస్తకములు వేరు. వాటికి బీరువా లేదు. తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నదో మనకు తెలియదు. ఆ సంగతే కొంచెము సేపు మీతో ఆలోచించాలని వచ్చాను.

నేను తపాలా శాఖలో పని చేసి విరమించినవాడను. ఆ రోజులలో కార్డు ఉండేది, కవరు ఉండేది. కార్డును దారిలో ఎవరైనా చదువవచ్చునని రాసేవాడికి తెలుసు, కాబట్టి క్షేమ సమాచారము మాత్రమే రాసేవాడు. అప్పు సంగతి, అల్లుడి సంగతి రాయాలంటే కవరు అంటించేవాడు. చదువు రాని ఇంటికి ఉత్తరము వచ్చినప్పుడు పోస్టుమానే అరుగు మీద కూర్చుండి చదివి వినిపించేవాడు. కోడలి కాన్పు, కొడుకు జబ్బు, పొలము తనఖా, అన్నీ అతనికి తెలిసేవి. అయితే వీధి మలుపు తిరిగేసరికి అతడు అవన్నీ మరచిపోవాలి. అది ఉద్యోగ ధర్మము. జనము అతనిని నమ్మినది అందుకే. కంప్యూటరు ఎంత గొప్పదైనా దానికి ఈ ఒక్క గుణము లేదు. అది మరచిపోదు.

ప్రభుత్వమునకు కవరు విప్పే అధికారము ఎంతవరకు ఉండాలన్నది పాత తగాదాయే. 1986లో ఆ అధికారమును పెంచే తపాలా సవరణ బిల్లు పార్లమెంటులో నెగ్గినది. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్‌గారు దానిపై సంతకము చేయలేదు. అది చట్టము కాలేదు. ఆనాడు దేశమంతా దానిని గూర్చి మాట్లాడుకొన్నది. 1898 నాటి చట్టము స్థానములో 2023లో వచ్చిన పోస్టాఫీసు చట్టములో, దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణములపై ఉత్తరములను ఆపి విప్పే అధికారము ఉన్నది. ఈసారి మన అరుగుల మీద ఎవరు మాట్లాడుకొన్నారు?

ఇక న్యాయస్థానములు ఏమన్నవో చూద్దాము. ఈ విషయములో తెలుగువారి పాలు తక్కువ కాదు. 1980లో మలక్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాసినవారు మన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డిగారు. పోలీసులు నేరస్థులపై నిఘా రిజిష్టరు పెట్టుకోవచ్చును గాని, తగిన ఆధారము లేక ఎవరి పేరూ అందులో ఎక్కించరాదని, నిఘా పేరుతో మనిషి స్వేచ్ఛను నలిపివేయరాదని దాని సారాంశము. అప్పటికి అది చేతితో రాసిన రిజిష్టరే.

రెండవది బ్యాంకుల కేసు. 1986లో మన రాష్ట్ర శాసనసభ స్టాంపు చట్టమును సవరించి, కలెక్టరు పంపిన మనిషి బ్యాంకుకు పోయి ఖాతాదారుల దస్తావేజులు తనిఖీ చేసి పట్టుకొనిపోయే వీలు కల్పించినది. హైకోర్టు దానిని కొట్టివేసినది. 2004లో సుప్రీంకోర్టు కూడ అదే మాట ఖాయము చేసినది. ఈ తీర్పులో మనము గుర్తుంచుకోవలసినది ఒకటున్నది. గోప్యత అనేది గోడలకు సంబంధించినది కాదు, మనిషికి సంబంధించినది. నా కాగితము నా ఇంట ఉన్నా, బ్యాంకు బీరువాలో ఉన్నా అది నా సంగతే. దాచమని ఇచ్చినంత మాత్రాన అందరికీ పంచమని ఇచ్చినట్లు కాదు.

మూడవది, 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవముగా ఇచ్చిన తీర్పు. గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని, జీవించే హక్కులోనే అది ఇమిడి ఉన్నదని చెప్పారు. ఎమర్జెన్సీలో 1976లో ఇచ్చిన జబల్‌పూరు కేసు తీర్పు తప్పని అదే రోజు ప్రకటించారు. నాటి తీర్పు ఇచ్చినవారిలో జస్టిస్ వై.వి. చంద్రచూడ్‌గారు ఒకరు. దానిని తప్పు అని రాసినవారు ఆయన కుమారుడే. తండ్రి తప్పును కొడుకు దిద్దినాడు.

హక్కు ఉన్నది, బాగున్నది. అమలులో ఏమి జరిగినది? 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేటట్లు బయటపడి ఉన్నవి. నంబరుతో పాటు బ్యాంకు ఖాతా, కులము, మతము కూడ ఉన్నవి. అదే నెలలో, కులమును బట్టి, మతమును బట్టి ఏ ఇల్లు ఎక్కడున్నదో వెతికే వీలు మరొక ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నదని పత్రికలు రాశాయి. గొడవ అయిన తరువాత వాటిని తీసివేశారు. వారందరూ ఎవరు? ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకొన్న బీదలు. వారు అడిగినది నీడ. ఇచ్చినది నమ్మకము.

మతము అనే ఆ గడి చిన్నది కాదని ఈ సభలో ఉన్నవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందువులు, తరువాత 1956లో చేర్చిన సిక్కులు, 1990లో చేర్చిన బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డు కులముల జాబితాలో ఉంటారు. ఆ కులముల నుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రములో బి.సి.–సి తరగతిలో పెట్టారు. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దీనిని మార్చవలెనని తీర్మానము చేసినది. దాని న్యాయాన్యాయములు నేటి విషయము కాదు. ఒక గడిలో రాసిన ఒక్క మాట మీద పిల్లల చదువు, ఉద్యోగము, కోర్టులో రక్షణ ఆధారపడి ఉన్నవని మాత్రము జ్ఞాపకము చేస్తున్నాను. అంతమాత్రమున మతము దాచుకోమని నేను చెప్పుట లేదు. సాక్ష్యము చెప్పేవాడు నలుగురిలో నిలువబడి చెబుతాడు. తన నోటితో తాను చెప్పుట వేరు. తనకు తెలియకుండ తన ఇంటి గుమ్మము మీద ఎవరో అట్ట అంటించిపోవుట వేరు.

ఆ అట్ట ఎక్కడికి దారి తీయగలదో ఒక్క ఉదాహరణ చెబుతాను. హాలండు దేశములో జనాభా రిజిష్టర్లు చక్కగా ఉండేవి. ప్రతివాని మతము అందులో రాసి ఉండేది. ఎవరి మీదనో పగతో రాసినది కాదు, మామూలు ప్రభుత్వ వ్యవహారము. 1940లో నాజీలు ఆ దేశమును ఆక్రమించినప్పుడు యూదుల జాబితా కోసము వారు ఎక్కువ వెదకవలసిన పని లేకపోయినది. అక్కడి యూదులలో దాదాపు ముప్పాతిక మంది చనిపోయారు. 1943 మార్చి 27 రాత్రి కొందరు దేశభక్తులు ఆమ్‌స్టర్‌డామ్ రిజిష్టరు ఆఫీసుకు నిప్పు పెట్టారు. కొంత కాలినది. అప్పటికే చాల ఆలస్యమైనది. రిజిష్టరు రాసినవాడు మంచివాడే కావచ్చును. రేపు దానిని తెరిచేవాడు ఎవడో రాసినవాడికి తెలియదు.

తప్పు చేయనివాడికి దాపరికము ఎందుకని కొందరు అడుగుతారు. స్నానము తప్పు పని కాదు, అయినా తడిక కట్టుకొంటాము. మన ప్రభువు ప్రార్థన చేయుటకే గది తలుపు వేసుకొమ్మన్నాడు. ప్రార్థనలో తప్పేమున్నది? మనిషికీ దేవునికీ మధ్య మూడవవాడు తొంగి చూడని చోటు ఉండాలనే గదా ఆయన భావము! దేవునికి మన గుండెలోని ప్రతి తలంపు తెలుసు. కాని ఆయన తెలుసుకొనేది ప్రేమించుటకు, క్షమించుటకు. ఆ రెండూ చేతకానివారు ఆయనవలె అన్నీ తెలుసుకోవాలనుకొంటే భయపడవలసినదే.

కంప్యూటరు వద్దని నేను అనుట లేదు. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 ప్రభుత్వ సేవలు మొదలైనవి. కొండ మీద నుండి దిగి వచ్చి ఆఫీసు గుమ్మముల వద్ద రోజంతా కూర్చునేవారికి అది మేలే. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. అమలు దశలవారీగా జరుగుతుంది. అయితే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వీలును ఆ చట్టములోనే ఉంచారు. కాబట్టి మెలకువగా ఉండుట మన పనియే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ప్రభుత్వము సంగతి సరే, మన సంగతి ఏమిటి? మా బంధువుల అమ్మాయికి జబ్బు చేసినది. ఒక సంఘములో, ఏ సంఘమని చెప్పను, ఆమె తల్లి కన్నీళ్ళతో ప్రార్థన మనవి ఇచ్చినది. మేలు కోరియే ఒకరు ఆ మనవిని పేరు, ఊరు, జబ్బు వివరములతో వాట్సాప్ గుంపులో పెట్టారు. సాయంత్రమునకు అది మూడు ఊళ్ళు తిరిగినది. నెల తిరగకముందే కుదిరిన సంబంధము తప్పిపోయినది. అమ్మాయి జబ్బు నయమైనది. ఆ తల్లి మాత్రము ఇప్పటికీ ప్రార్థన మనవి ఇవ్వదు. అడిగితే, దేవునికి చెప్పుకొన్నాను చాలు అంటుంది. ఇందులో ఏ ప్రభుత్వము, ఏ కంపెనీ తప్పు లేదు. కవరులో ఇచ్చినదానిని మనమే కార్డు చేసినాము.

కాబట్టి ఈ నూరేండ్ల పండుగ గుర్తుగా మన సంఘములు నాలుగు నియమములు పెట్టుకోవాలని మనవి చేస్తున్నాను. మొదటిది, సభ్యుల పట్టీలో అవసరమైనది మాత్రమే రాయాలి. ఆధార్ నంబరు మనకెందుకు? రెండవది, ఒక పనికి తీసుకొన్న వివరమును మరొక పనికి వాడరాదు. చందా పుస్తకము ఎన్నికల పుస్తకము కారాదు. మూడవది, జబ్బు, అప్పు, కుటుంబ కలహము ఇవేవీ ఆ మనిషి అనుమతి లేక ఫోను ఎక్కరాదు. నాలుగవది, ఎవరైనా తన వివరము తీసివేయమంటే కారణము అడుగక తీసివేయాలి. ఇది మనము పాటించిన తరువాత ప్రభుత్వమును అడిగే నోరు మనకు వస్తుంది.

మన పెద్దలు బీరువాకు తాళము వేసి మనకు ఈ పుస్తకములు అప్పగించారు. మనము మన బిడ్డలకు ఏమి అప్పగిస్తాము? మరొక నూరేండ్లకు ఇదే చోట వారు మన పేర్లు వెదుక్కొన్నప్పుడు, వీరు మన సంగతులను భద్రముగా కాపాడినారు అని చెప్పుకొందురు గాక. ఆ జ్ఞానము ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.