ఆకాశంలోనూ ‘త్రూ ప్రాపర్ ఛానెల్’
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సైంటిస్టును కాను. ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. రిటైరయ్యాక చదువుకున్న సంగతి ఒకటి మనవి చేస్తాను.

మన చిన్నతనంలో మీడియం వేవ్ మీద పగలు వినపడని దూరపు స్టేషన్లు రాత్రయితే వినపడేవి గదా! దానికి కారణం, సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున మొదలయ్యే అయనావరణం. ఎండ అక్కడి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. మిగిలినవి అయాన్లు. పగలు కింది పొర రేడియో తరంగాలను మింగేస్తుంది. రాత్రి ఆ పొర మాయమవుతుంది. అప్పుడు పై పొరలు తరంగాలను కిందికి తిప్పి పంపుతాయి.

ఈ విద్యుత్ కణాల నడక చిత్రమైనది. గాలి చిక్కగా ఉన్నచోట గాలితోనే కొట్టుకుపోతాయి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, భూమి అయస్కాంత రేఖల పెత్తనం వస్తుంది. కణాలు రేఖ వెంట జారగలవు గాని అడ్డంగా దాటలేవు. మన ఆఫీసు ఫైలు లాగే, త్రూ ప్రాపర్ ఛానెల్! దాటాలంటే విద్యుత్ క్షేత్రమనే పై ఉత్తర్వు కావాలి.

ఆ రేఖలు నేలకు సమాంతరంగా ఉండే అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గరగా పోతుంది. అందుకే కేరళలోని తుంబాను ఎంచుకుని 1963 నవంబరు 21న తొలి రాకెట్టు ప్రయోగించారు. అక్కడ పగటిపూట కణాలు నిలువునా పైకి లేచి, రేఖల వెంట ఉత్తర దక్షిణాలకు జారి, ఫౌంటెన్ నీళ్ళలా దూరంగా దిగుతాయి. కాబట్టి మధ్యాహ్నం తుంబా మీద కంటే అహ్మదాబాదు వైపే అవి దట్టంగా ఉంటాయి.

దీనితో మనకేం పని అంటారా? దారి చూపే జీపీఎస్ సంకేతం ఈ కణాల గుండానే దిగి రావాలి. అవి దట్టమైతే సంకేతం ఆలస్యమై, చూపించే చోటు పదుల మీటర్లు తప్పవచ్చు. విమానం దిగేటప్పుడు అది ప్రాణాలతో పని. అందుకే 2015లో ప్రారంభమైన మన ‘గగన్’ వ్యవస్థ, దేశంలోని 15 కేంద్రాల నుంచి ఆ తేడాను కొలిచి విమానాలకు దిద్దుబాటు పంపుతుంది. పొద్దుగూకాక పైకి లేచే పలుచని బుడగలు సంకేతాలను ఇంకా అల్లాడిస్తాయి. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్‌తో మన శాస్త్రజ్ఞులు వాటినే పరిశీలిస్తున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ పరిశోధనకు బాట వేసిన ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారి వంటి పెద్దలు మనకున్నారు. మన మనవలు, మనవరాళ్ళు కూడా ఈ బాట పట్టాలని నా కోరిక.